గాలికన్ను

మా మావయ్యగారు ఇంగ్లీషు మాస్టారుగా రిటైరయ్యారు గానీ, ఆ సంగతి ఆయనకింకా ఎవరూ చెప్పినట్టు లేదు. కాఫీ ఇస్తే, కాఫీ అన్న మాట ఎక్కడ పుట్టిందో చెప్పి గానీ తాగరు. ఈలోగా అది చల్లారిపోతుంది.

ఆయన మా ఇంటికి వచ్చినప్పుడు నిఘంటువుల బీరువా కూడా వచ్చింది. నేను బట్టలు కుట్టే గదిలో తప్ప ఎక్కడా పట్టలేదు. ఆ గదికి ఉన్నది ఒకే కిటికీ. బీరువా సరిగ్గా దానికి అడ్డంగా కూర్చుంది.

అప్పట్నుంచి పట్టపగలే లైటు వేసుకుని కుడుతున్నాను. నల్ల బట్ట మీద నల్ల దారం కనబడి చావదు. మొన్న లాయరుగారి కోటుకి చెయ్యి తిరగేసి కుట్టాను. విప్పి మళ్లీ కుట్టేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఇంకోసారి ఇలాగైతే వేరే టైలర్ని చూసుకుంటానని చెప్పి వెళ్లాడాయన.

"బీరువా జరపమని నాన్నకి నువ్వే చెప్పు," అన్నాడు మా ఆయన. తండ్రి ముందు ఆయనకి నోరు పెగలదు. నాకు మాత్రం పెగులుతుందా? వచ్చీ రాగానే సామాను కదిలిస్తే, తనే అడ్డమనుకుంటారేమోనని నా భయం.

చివరికి మావయ్యగారి దారిలోనే వెళ్లాను.

"మావయ్యగారూ, విండో అన్న మాట ఎలా పుట్టిందండీ?"

ఆయన మొహం వెలిగిపోయింది. "భలే అడిగావమ్మాయ్! ఐరోపాకి ఉత్తరాన ఓడల మీద తిరిగే జనం ఇంగ్లీషువాళ్లకిచ్చిన మాట అది. గాలికన్ను అని అర్థం. అప్పట్లో అద్దాలెక్కడివి? గాలీ వెలుతురూ రావడానికి గోడకో కన్నం, అంతే. మన గవాక్షం లేదూ, ఆవుకన్ను? అక్కడా కన్నే, ఇక్కడా కన్నే. ఉండు, చూపిస్తా," అంటూ బీరువా తలుపు మీద చెయ్యి వేశారు.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. బీరువా అంచు పక్కన సన్నటి వెలుతురు గీత ఉంది. ఆయన వంగి బీరువా వెనకున్న కిటికీని చూశారు. తర్వాత నా ఒళ్లో నల్ల కోటునీ, నెత్తిమీద లైటునీ చూశారు.

"ఇన్నాళ్లూ నీకు అడ్డంగా ఉన్నానన్నమాట."

"మీరు కాదండీ, బీరువా!"

ఆయన పుస్తకాలు దింపి, కొడుకుని కేకేశారు. ఇద్దరూ కలిసి బీరువాని అవతలి గోడకి జరిపారు. కిటికీ తెరవగానే కోటు కాజాలు కళ్లకి ఆనాయి. ప్రాణం లేచొచ్చింది.

"ఈ మాత్రానికి ఇంత డొంకతిరుగుడా? నోరు తెరిచి అడగొచ్చుగా అమ్మాయ్!"

"అడుగుదామనే అనుకున్నానండీ. ముందు బీరువా అన్న మాట ఎక్కడ పుట్టిందో చెప్తారని ఆగాను."

అప్పుడు నవ్వారు. నవ్వుతూనే కుర్చీ తెచ్చుకుని, ఒక నిఘంటువు పట్టుకుని, సరిగ్గా కిటికీకి అడ్డంగా కూర్చున్నారు.

"మావయ్యగారూ, కాస్త పక్కకి జరగండి," అన్నాను.

జరిగారు.