అక్కగారి మోకాళ్ళు

ఆ చర్చిలో ఓటంటే చీటీలూ లేవు, పెట్టెలూ లేవు. ఒప్పుకున్నవాళ్ళు లేచి నిలబడాలి, ఒప్పుకోనివాళ్ళు కూర్చోవాలి, అంతే. దేవుడి ముందు దాపరికమేమిటని చర్చి కట్టిన పెద్దలు పెట్టిన పద్ధతి అది. అయితే మొహమాటం దేవుడి ముందు మాత్రం పోతుందా? అందుకని వాళ్ళే ఇంకో ఏర్పాటు కూడా చేశారు. తలలు లెక్కపెట్టేంతసేపూ ఆర్గన్ మోగుతూ ఉండాలి, అందరూ కళ్ళు మూసుకుని ఉండాలి. ఆర్గన్ మోగేది గానీ కళ్ళు మూసుకున్న పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. ఎవరు లేచారో ఎవరు లేవలేదో రెప్పల సందుల్లోంచి చూసి, దాన్ని ఏళ్ళ తరబడి మనసులో పెట్టుకునేవాళ్ళు.

ఆ ఆర్గన్ వాయించేది అక్కగారు. పాస్టరుగారు అక్కా అని పిలుస్తాడు కాబట్టి చర్చి మొత్తానికీ ఆవిడ అక్కగారైపోయింది. ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా అలాగే పిలిచేవారు. అది పాతకాలపు ఆర్గన్. కింద కాళ్ళతో తొక్కుతూ పైన చేతులతో వాయించాలి. తొక్కడం ఆపితే గాలి అయిపోయి పాట మూలుగుతూ ఆగిపోతుంది. అందుకే కీర్తనకు జనమంతా లేచినప్పుడు అక్కగారు మాత్రం కూర్చునే ఉండేది. గోడలకు రంగు వెయ్యాలా వద్దా అని ఓటు పెట్టినా, ఫ్యాన్లు కొనాలా వద్దా అని పెట్టినా ఆవిడ స్టూలు దిగలేదు. వాయించే మనిషి మాట ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పాలనుకోలేదు.

ఈసారి ఓటు ఫ్యాన్ల గురించి కాదు. ఆవిడ తమ్ముడి గురించి.

తల్లి పోయేనాటికి తమ్ముడు ఇంకా చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకోలేనివాడు. ముక్కు తుడిచింది ఆవిడే, అక్షరాలు దిద్దించింది ఆవిడే, పెళ్ళీ గిళ్ళీ వద్దనుకుని వాణ్ణి చదివించిందీ ఆవిడే. వాడు పాస్టరై ఇదే చర్చికి వచ్చిన రోజు ఆర్గన్ మీద ఆవిడ వేళ్ళు ఆనందంతో తడబడి పాట అటూ ఇటూ అయింది. అందరూ నవ్వారు.

ఆ తమ్ముడే ఓ ఆదివారం ప్రసంగం ముగించి, పుస్తకం మూసి, నిలబడ్డచోటు నుంచే చెప్పాడు.

"కళ్ళజోళ్ళ షాపాయన నా స్నేహితుడని మీరంతా అనుకుంటున్నారు. స్నేహితుడే. కానీ అంతే కాదు. భార్యాభర్తలు ఒకరికొకరు ఎలాగో, మేమూ ఒకరికొకరం అలాగే. ఈ సంగతి దాచి పెట్టుకుని ప్రభువు బల్ల దగ్గర మీకు రొట్టె విరిచివ్వడం నావల్ల కావడం లేదు."

ఆ క్షణంలో చీమ చిటుక్కుమన్నా వినిపించేది. ఆ తర్వాత చిటుక్కుమనడం మొదలైంది. చర్చి నిట్టనిలువునా చీలిపోయింది. పాస్టరుగారి పక్షం కుడివైపు బల్లల మీదికి చేరింది, వద్దన్నవాళ్ళు ఎడమవైపుకు వెళ్ళారు. ఏళ్ళుగా ఒకే పాటల పుస్తకంలో చూసి పాడిన మొగుడూ పెళ్ళాలు చెరోవైపు కూర్చుని చెరో పుస్తకం తెచ్చుకున్నారు. ఆయన చేతి రొట్టె తీసుకోబోమని కొందరు చేతులు వెనక్కి కట్టుకున్నారు. ఆయన చేతినే పట్టుకుని ఏడ్చినవాళ్ళూ ఉన్నారు. పై పెద్దలకు కబురు పంపితే అక్కడా ఇదే తగవు నడుస్తోందని, మీ సంగతి మీరే తేల్చుకోమని జవాబొచ్చింది. చేతులు దులుపుకోవడంలో పెద్దలను మించినవాళ్ళు లేరు.

కళ్ళజోళ్ళాయన ఎప్పుడూ ఆఖరి వరసలోనే కూర్చునేవాడు. బాప్తిస్మం తీసుకున్న మనిషి, ఆదివారం తప్పనివాడు. అక్కగారి చూపు మందగించినప్పుడు టేపు పట్టుకుని చర్చికే వచ్చాడు. ఆవిడ కంటి నుంచి ఆర్గన్ మీది కాగితం దాకా కొలిచి, సరిగ్గా ఆ దూరానికే అద్దాలు చేసిచ్చాడు. "వీటితో వంట చేస్తే కూరలో ఉప్పు కనపడదండీ, పాట మాత్రం కనపడుతుంది" అన్నాడు. ఆవిడకు నవ్వొచ్చింది. కానీ ఆ మనిషిని ఏమని పిలవాలో మాత్రం తోచలేదు. కూరగాయలవాడితో కూడా వరస కలిపే ఆవిడకు ఈయనతో ఏ వరసా కలవలేదు. ఏవండీ అంటూ నెట్టుకొచ్చింది.

ఓటు రోజు పొద్దున్న వంటింట్లో టీ తాగుతూ తమ్ముడు ఆవిడ వంక చూడకుండా అడిగాడు.

"అక్కా, నువ్వు వాయిస్తావుగా?"

"లేస్తానురా."

"లేస్తే పాట ఆగిపోతుంది."

"ఆగితే ఆగనీ. నీకోసం లేవకపోతే ఇంకెవరికోసం లేస్తాను? పిచ్చి ప్రశ్నలూ నువ్వూనూ."

వాడు కప్పు కింద పెట్టి, చిన్నప్పటిలా ఆవిడ కొంగుతో మూతి తుడుచుకున్నాడు. వద్దురా మరక పడుతుందని ఆవిడ తిట్టింది.

ఓటు పెట్టింది అడితి పెద్దాయన. కలప అడితి ఆయనది, సంఘపెద్దల్లో పెద్ద. చెడ్డమనిషి అనడానికి లేదు. అక్కగారి తల్లి పోయినప్పుడు పెట్టెకు మంచి చెక్క ఏరి, తనే దగ్గరుండి చేయించి, పైసా పుచ్చుకోలేదు. ఇప్పుడూ ఆయన కళ్ళు ఎర్రగానే ఉన్నాయి. "పాస్టరుగారు కొనసాగాలని ఒప్పుకునేవాళ్ళు లేవండి" అని, అలవాటుగా ఆర్గన్ వైపు తిరిగి, "వాయించమ్మా" అన్నాడు.

ఆ 'అమ్మా' అన్న పిలుపుకు ఆవిడ చేతులు వాటంతటవే ఆర్గన్ మెట్ల మీదికి వెళ్ళాయి. కాళ్ళు తొక్కడం మొదలుపెట్టాయి. ఈ చరణం అయ్యాక లేద్దామనుకుంది. చరణం అయిపోయింది. పల్లవి అందుకుని, ఇది కాగానే అనుకుంది. కుడివైపు బల్లలు కిర్రుమంటూ జనం లేస్తున్నారు. ఎడమవైపు నుంచి కూడా ఒక ముసలావిడ చేతికర్ర మీద బరువేసి లేచింది. ఆఖరి వరసలో కళ్ళజోళ్ళాయన లేచాడు. లెక్కపెడుతూ వెళ్ళిన పెద్దాయన ఆ వరస దాకా వెళ్ళి, "మీరు లెక్కలోకి రారు, కూర్చోండి" అన్నాడు. ఆయన కూర్చోలేదు.

అక్కగారు అదంతా విన్నది. విని కూడా వాయించింది. అలవాటు అని తర్వాత తనకు తాను ఎన్ని విధాల చెప్పుకున్నా, అది అలవాటు కాదని ఆవిడకు తెలుసు. భయం. లేస్తే ఎడమవైపు సగం జనం తనతో మాట్లాడటం మానేస్తారు. వాళ్ళు కాక తనకింకెవరున్నారు? ఈ స్టూలు పోతుంది. ఇది కాక తనకేముంది? తమ్ముడికి తోడు దొరికాడు, తనకెవరు దొరికారు? అంత నీచమైన లెక్క తన బుర్రలోకి ఎలా వచ్చిందో ఆవిడకే తెలియలేదు. తలెత్తితే తమ్ముడు తిన్నగా తననే చూస్తున్నాడు. వాడొక్కడే కళ్ళు మూసుకున్నట్టు నటించలేదు. ఆవిడ తల దించుకుని కాగితం వైపు చూసింది. అద్దాలు చాలా మంచివి, ప్రతి అక్షరమూ స్పష్టంగా కనపడింది.

కూర్చున్నవాళ్ళు ఎక్కువయ్యారు. ఆవిడ లేచి ఉన్నా ఫలితం మారేది కాదు. ఆ సంగతి ఆవిడకు ఏమాత్రం ఊరట ఇవ్వలేదు.

చర్చి ఇచ్చిన ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తమ్ముడు ఒక్క మాట కూడా అనలేదు. తిడితే బావుండునని ఆవిడ ఎదురుచూసింది. చివరికి ఉండబట్టలేక, "ఒరే, ఆరోజు నేను..." అని మొదలుపెట్టింది.

వాడు పుస్తకాలను తాడుతో కడుతూ మధ్యలోనే అందుకున్నాడు. "మోకాళ్ళు పట్టేశాయి కదక్కా. అందరికీ అదే చెప్పాను. అక్కకు లేవాలనే ఉంది గానీ మోకాళ్ళు సహకరించలేదు అన్నాను. కుడివైపువాళ్ళు నీమీద కోపం పెట్టుకోకూడదు కదా. నువ్విక్కడే ఉండాలి."

వాడు ఆ పని మీదే ఉన్నాడు, ముడి మీద ముడి వేస్తూ. అబద్ధంతో రొట్టె విరవలేనని ఉన్న నీడను వదులుకున్న మనిషి, తనకోసం అబద్ధమాడాడు. ఆ రాత్రికి వాడూ కళ్ళజోళ్ళాయనా వేరే ఊళ్ళో ఉంటారు, అక్కడ చర్చీ లేదు, పాస్టరు పనీ లేదు. అక్కడ పెట్టబోయే కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీయడం నేర్చుకుంటానని వాడు నవ్వుతూ అన్నాడు.

లారీ కదిలేముందు కళ్ళజోళ్ళాయన దిగొచ్చి, ఆవిడ కళ్ళద్దాలు తీసి, తన చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టాడు. అప్పుడొచ్చింది ఆవిడ నోటికి వరస.

"వెళ్ళిరా తమ్ముడూ," అంది. "వాణ్ణి చూసుకో."

ఆయన తలూపాడు. గబగబా లారీ ఎక్కేశాడు.

ఆ తర్వాత చర్చిలో అందరి నోటా అక్కగారి మోకాళ్ళే. కుడివైపువాళ్ళు తైలం సీసాలు తెచ్చారు. ఎడమవైపువాళ్ళు స్టూలుకు మెత్త కుట్టించారు. ఉప్పూ నిప్పూగా ఉన్న రెండు పక్షాలూ కలిసి చేసిన పని అదొక్కటే. మోకాళ్ళెలా ఉన్నాయని అడిగినప్పుడల్లా ఆవిడ తగ్గుతోందనేది. కొన్నాళ్ళకు మెట్లెక్కేటప్పుడు నిజంగానే కుంటడం మొదలుపెట్టింది. తను కుంటుతున్నట్టు గమనించిన రోజు ఆవిడకు తనమీద తనకే అసహ్యమేసింది.

మరుసటి ఆదివారం, కొత్త పాస్టరు కీర్తన చెప్పగానే జనం లేచారు. ఆవిడ మొదటి చరణం వాయించింది. రెండో చరణం మధ్యలో కాళ్ళు ఆపేసింది. ఆర్గన్ మూలిగి ఆగిపోయింది. ఆవిడ లేచి నిలబడింది.

పాట తెగి, తలలన్నీ ఇటు తిరిగాయి. ముందు వరసలో ఉన్న ముసలావిడ, ఓటు రోజు కర్ర మీద లేచినావిడే, "అయ్యో, మోకాళ్ళు పట్టేసినట్టున్నాయి, ఎవరైనా పట్టుకోండమ్మా" అంది. ఇద్దరు పరుగున వచ్చారు. చెరో భుజం మీదా చెయ్యేసి, ఎంతో ప్రేమగా, ఆవిణ్ణి కిందికి కూర్చోబెట్టబోయారు.

"వదలండి," అంది అక్కగారు. ఆ మాట ఆఖరి వరస దాకా వినపడింది. "నా మోకాళ్ళకేం కాలేదు. ఆరోజు కూడా ఏమీ కాలేదు."

భుజాల మీది చేతులు మెల్లగా జారిపోయాయి. ముసలావిడ కర్రను గట్టిగా పట్టుకుని ఆవిడ వంక అలాగే చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి అడితి పెద్దాయన దగ్గరికొచ్చి, చిన్నపిల్లకు చెప్పినట్టు మెత్తగా అన్నాడు.

"ఇప్పుడెందుకమ్మా? ఓటు ఎప్పుడో అయిపోయిందిగా."

"తెలుసండీ," అంది ఆవిడ. కూర్చోలేదు.