మొంజి మేష్టారి యాభైకి ఒకటి

ముప్పై ఏళ్ళు ట్యునీషియాలోని స్ఫాక్స్ బడిలో నిష్పత్తులు చెప్పి రిటైరైన మొంజి మేష్టారు లెక్కల్లో కొమ్ములు తిరిగిన మనిషి. ఆ సంగతి ఊళ్ళో ఎవరూ మర్చిపోకుండా ఆయనే చూసుకునేవాడు. ఈ ఏడు తన తోటలో ఆలివ్ కొమ్మలు దులిపే టూ-స్ట్రోక్ యంత్రం కొన్నాడు కాబట్టి, ఏటా వచ్చే ఎనిమిది మంది కూలీల్లో నలుగురిని రావద్దన్నాడు. వచ్చిన నలుగురికీ పెద్ద మబ్రూకా. కాయలు దువ్వి రాల్చడానికి వాళ్ళు వేళ్ళకి మేక కొమ్ములు తొడుక్కుంటారు. అంటే తోటలో నిజంగా కొమ్ములున్నది వాళ్ళకే.

ఆ సాయంత్రం నాలుగింటికి గానుగలో మేష్టారి వంతు. అయిదువందల కిలోలు తూగితే విడిగా ఆడతారు. ఒక్క కిలో తగ్గినా పక్కవాళ్ళ కాయల్లో కలిపేస్తారు. నాన్న నాటిన చెట్ల నూనె ఎవరెవరి నూనెలోనో కలిసిపోవడమంటే ఆయనకి ఇంటిపేరు కొట్టేసినట్టే. ఇంకా ఇరవై చెట్లు మిగిలున్నాయి.

పొద్దున్నే అయిదు లీటర్ల పెట్రోలు డబ్బా ముందేసుకుని కూర్చున్నాడు. ఇంజన్ ఆయిల్ సీసా మీద స్పష్టంగానే రాసుంది: యాభై పాళ్ళ పెట్రోలుకి ఒక పాలు ఆయిల్. చదివాడు, నవ్వుకున్నాడు. పుట్టినప్పటినుంచీ సలాడ్ మీదా, చిక్కుళ్ళ మీదా, రొట్టె మీదా నూనె ధారగా పోసిన చెయ్యి ఆయనది.

"యాభైకి ఒకటా? ఇదేం పిసినారి లెక్క! ఇంజన్‌కి మాత్రం ప్రాణం లేదూ!" అని సీసా వంచాడు. సగం ఖాళీ అయితే గాని ఆ చెయ్యి నిటారు కాలేదు.

"కొలిచావా మేష్టారూ?" నిచ్చెన ఎక్కుతూ అడిగింది మబ్రూకా.

"నా కన్నే కొలత, పిన్నీ."

తాడు లాగాడు. యంత్రం దగ్గింది, తుమ్మింది, నీలంగా పొగ కక్కింది. మొదటి చెట్టు కనపడలేదు. రెండో చెట్టు మీదున్న కూలీ సాల్హా కూడా కనపడలేదు, దగ్గు మాత్రం వినపడింది. పొగడ్త ఆశించినవాడికి పొగ దక్కింది, పొగరు కాస్త తగ్గింది.

"మొంజీ! రొట్టెలు కాలుస్తున్నావా, తోటే కాలుస్తున్నావా?" అని పక్కతోటలోంచి కేక.

మూడో చెట్టు దగ్గర ఇంజన్ గుక్కపట్టి ఆగిపోయింది. తాడు ఇరవైసార్లు లాగాడు. ముప్పైసార్లు లాగాడు. ఆయన భుజం పట్టేసింది గాని ఇంజన్ మాత్రం కిక్కురుమనలేదు.

పదకొండైంది. పద్దెనిమిది చెట్లు, నలుగురు మనుషులు. ఎనిమిదిమంది ఎందుకు లేరో ఆయనకే బాగా తెలుసు. మేష్టారు లెక్క వేశాడు. ఈసారి మాత్రం తప్పు రాలేదు: నాలుగింటికల్లా మూడువందల కిలోలే.

"పిన్నీ, మా నాన్న చెట్ల నూనె ఊరందరి నూనెలో కలిసిపోతుందే," అని నేలమీద కూలబడ్డాడు.

మబ్రూకా దిగి, కొమ్ములు ఒక్కొక్కటే తీసి జేబులో వేసుకుంది. "మా ఆయన ముప్పై ఏళ్ళు మోపెడ్ మీద సంతకెళ్ళాడు. దానికీ పెట్రోల్లో ఆయిల్ కలపాల్సిందే. ఒక్కరోజూ నెట్టుకుంటూ రాలేదు. నువ్వు నిష్పత్తులు చెప్పావు, ఆయన వాటిమీద తిరిగాడు. ప్లగ్ విప్పు."

విప్పాడు. అది నూనెలో ఊరేసిన ఆలివ్ కాయలా ఉంది. ఆమె దాన్ని గుడ్డతో తుడిచి ఆరబెట్టింది, ట్యాంకు ఖాళీ చేయించింది. ఇంకో అయిదు లీటర్ల డబ్బా తెప్పించి, టీ పళ్ళెంలోంచి బుల్లి గ్లాసు తీసింది.

"అయిదు లీటర్లకి ఇదొక్కటే."

"ఇంతేనా?"

"ఇంజన్‌కి టీ చాలు, మేష్టారూ. నువ్వు పెళ్ళిభోజనం పెట్టావు."

సగం పెట్రోలులో గ్లాసుడు ఆయిల్ పోసి కుదిపింది, మిగతాది కలిపి మళ్ళీ కుదిపింది. చేతి చమురు వదిలించుకోవడమంటే ఏమిటో మేష్టారికి ఆ పూట తెలిసింది. అయిదో లాగుకి ఇంజన్ అందుకుంది. పొగ చిటికెడు, కాయలు మాత్రం జడివాన.

యంత్రం సాల్హా భుజానికెత్తుకుంది. మబ్రూకా తన పాత కొమ్ములు మేష్టారి వేళ్ళకి తొడిగింది.

"కొమ్ములు తిరిగినవాడివిగా, ఎక్కు."

నాలుక్కి పది నిమిషాల ముందు గానుగ కాటా అయిదువందల ఏడు చూపించింది. గానుగవాడు ముక్కు ఎగబీల్చాడు. "ఇవి కాయలా, పొగబెట్టిన చేపలా?"

"కాయలే నాయనా. ఆ వాసన నా చొక్కాది."

ఆకుపచ్చ నూనె వచ్చింది, విడిగా, ఆయన పేరుతో. రొట్టె తెచ్చారు. మేష్టారు కూజా ఎత్తాడు. అందరి కళ్ళూ ఆ చేతిమీదే. చెయ్యి గాల్లో ఆగింది.

"కొలవనా, పిన్నీ?"

"ఇక్కడెందుకు? పోసెయ్."

పోశాడు. పళ్ళెం నిండి బల్లమీదికి పారుతున్నా ఎవరూ ఆపమనలేదు.