తెరిపిలో కొలత

అల్లుడు సంచి సర్దుతున్నాడు. అడుగున తువ్వాలు పరిచి, దాని మీద కూలర్ పెట్టాడు. కంప్యూటర్‌లో ప్రాసెసర్ కాలిపోకుండా నీళ్లు తిప్పి చల్లబరిచే సాధనం అది: చిన్న పంపు, రెండు గొట్టాలు, ఫ్యాన్లు బిగించిన రేడియేటర్. గొట్టాలు మడత పడకుండా చుట్టూ తన చొక్కాలు కుక్కాడు.

"ఇక నువ్వు కట్టుకోవడానికేం మిగిలింది నాయనా?" అన్నాను.

"ఒంటి మీదవి చాలు అత్తయ్యా. రాత్రికి వచ్చేస్తాగా."

రాత్రికి వచ్చేస్తానన్నవాళ్లను నేను చాలామందిని చూశాను.

"ఏటి వంతెన మీదికి నీళ్లొచ్చాయని పాలవాడు చెప్పాడు. కాస్త ఆగితే ఆ కంపెనీవాళ్లు మింగేస్తారా?"

"మింగరు. నములుతారు."

మా అమ్మాయీ అల్లుడూ చేసే పని అదే. కంపెనీలు పంపే కూలర్లను ఇంట్లోనే పరీక్షించి, ఏది ఎంత చల్లబరుస్తుందో, ఎంత మోత చేస్తుందో రాస్తారు. ఈసారి ఒకదాని పంపు గుడగుడలాడింది. తయారుచేసినవాళ్లు నమ్మలేదు, తెచ్చి తమ ఎదుట వినిపించమన్నారు. అదే రకం ఇంకొకటి ఇంట్లో ఉంది. అదీ అలాగే మోగుతుందో లేదో కొలిచి, అమ్మాయి అల్లుడికి ఫోన్లో చెప్పాలి.

కొలవాలంటే ఇల్లు ఊపిరి బిగబట్టాలి. ఫ్యాన్లు, ఫ్రిజ్ ఆపేస్తారు. గోడ గడియారాన్ని దుప్పట్లో చుట్టేస్తారు. నన్ను చుట్టలేక కుర్చీలో కూర్చోబెడతారు. దగ్గు వచ్చినా దిగమింగుకోవాలి. అయితే పొద్దుటి నుంచీ వాన రేకుల మీద దరువేస్తూనే ఉంది.

ఉన్నట్టుండి తెరిపి ఇచ్చింది.

"అమ్మా, కూర్చో! మళ్లీ పట్టుకునేలోపు అయిపోవాలి" అంటూ అమ్మాయి అన్నీ ఆపేసింది. ప్రాసెసర్‌కు తల తిప్పుకోలేనంత పని పెట్టి అప్పటికే వేడెక్కించి ఉంచింది. కూలర్‌లో నీళ్ల వేడి ఒకచోట నిలిచింది. ఇక మిగిలింది చప్పుడే. చప్పుడు కొలిచే మీటరును పంపుకు మూరెడు దూరంలో నిలబెట్టింది.

అంతలో అల్లుడు మాట్లాడుకున్న కారు వాకిట్లో వచ్చి ఆగింది. ఇంజను ఆగలేదు. మీటరులో అంకె ఎగిరింది.

"బాబూ, ఇంజను ఆపు!" అని కేకేసింది అమ్మాయి.

"ఆపితే మళ్లీ లేవదమ్మా, తడిసిపోయింది" అన్నాడు డ్రైవరు. "దారి కూడా ఏం బాలేదు. మధ్యాహ్నం దాకా చూసి బయల్దేరదాం సార్."

అల్లుడు భార్య వంక చూశాడు. "ఏమంటావ్? ఆగనా?"

"ఆగితే ఈ మోత కూడా ఆగుతుందా? తెరిపి పోతోంది, నీకు దణ్ణం పెడతా, బయల్దేరు! కొలత లేకుండా అక్కడ ఏ మొహం పెట్టుకుని మాట్లాడతావ్?"

"పోతున్నా తల్లీ, ఇంజనుతో సహా."

వద్దు నాయనా అని అరవబోయాను. అమ్మాయి నా వైపు చూసి పెదవుల మీద వేలు పెట్టింది. అడుగుల చప్పుడు కూడా రాకూడదని అల్లుడు చెప్పులు చేత్తో పట్టుకుని గడప దాటాడు. కారు మోత వీధి మలుపు దాకా పోయి సన్నగిల్లింది. మీటరులో అంకె ఒక్కొక్కటే దిగింది. ఆ నిశ్శబ్దంలో నా గుండె చప్పుడు దానికి వినిపిస్తుందేమోనని భయపడ్డాను.

అప్పుడు పంపు పలికింది. గొంతులో నీళ్లు పోసుకుని పుక్కిలించినట్టు, ఆగి, మళ్లీ.

"దొరికింది!" అమ్మాయి మొహం వెలిగిపోయింది. "ఇదీ అంతే!"

మాట పూర్తికాకముందే వాన కుండపోతగా దిగింది. అమ్మాయి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది.

"వానకు వినపడలేదేమోనే" అన్నాను.

"జేబులోనేగా ఉంటుంది, అమ్మా. ఫోన్ అదిరినా తెలియదా?"

తర్వాత చేసినప్పుడు అసలు మోగనే లేదు. ఆపిన ఫ్రిజ్‌ను మళ్లీ వేయాలని మా ఇద్దరికీ తోచలేదు.

చీకటి పడేవేళ డ్రైవరు నడిచి వచ్చాడు, ఒక్కడే, మోకాళ్ల దాకా బురదతో. వంతెన మీద నీళ్లు కారును పక్కకు నెట్టేశాయట. తను కమ్మీ పట్టుకున్నాడట.

మా అల్లుడు ఆ బుధవారం పొద్దున వెళ్లాడు. తిరిగి రాలేదు.