ఎర్ర మబ్బు దాకా

మబ్బులకేం, ఫోల్డరు నిండా ఉన్నాయి, తెల్లవి, బూడిదరంగువి, నడుమ వెలుగు చీల్చుకుని వచ్చేవి, అంచులకి బంగారం పూసినవి, ఊళ్లో ఎవరు పోయినా వీటిలోంచి ఒకటి తీసి వెనక పరవడం, ముందు ఫోటో, కింద పేరు, మనవాళ్లయితే పావురం, హిందువులయితే దీపం, అంతే కదా పని, నూజివీడు బస్టాండు దగ్గర ఈ ఫ్లెక్సీల షాపులో చేరినప్పటి నుంచీ చేస్తున్నది అదే కదా, మరి ఇవాళ పొద్దుటి నుంచీ లీదియా చెయ్యి మౌసు మీద అలా పడుకునే ఉంది, తెర మీద వాళ్లమ్మ లేయా నవ్వుతోంది, తలకి తువ్వాలు చుట్టుకుని, చుట్టూ ఉన్న తోటని కత్తిరించేశాక మిగిలిన ఆ బూడిదరంగు గళ్ల ఖాళీలో, వెనక ఏ మబ్బు పెట్టినా నచ్చదు, తీసేస్తే మళ్లీ అదే ఖాళీ, రేపు జ్ఞాపకార్థ కూడిక, అమ్మ పోయి ఏడాది, సాయంత్రానికల్లా ఫ్లెక్సీ కావాలమ్మా అన్నాడు నాన్న, డేవిడ్ రాజు, కూతురు షాపులో ఉండి కూడా, బయట చేయించుకున్నాడంటే బావుండదు కదా అని తనే ఒక నవ్వు నవ్వి, అందరికీ పెట్టేట్టే పెట్టు, మబ్బులు పెట్టు, పావురాన్ని పెట్టు, మీ అమ్మని బాగా పైన పెట్టు, వెనక వరస వాళ్లకి కూడా కనపడాలి అన్నాడు. పైన అంటే ఎంత పైన నాన్నా అని అడగాలనిపించింది.

ఆ ఫైలు పక్కకి జరిపి ఇంకో ఫైలు తెరిచింది, అందులో చీకటి, చల్లటి చీకటి, బయట మే నెల ఎండకి రోడ్డు తెల్లగా మండుతోంది, మామిడికాయల ట్రాక్టరు వెళ్లినప్పుడల్లా ఇంకు వాసనని తోసుకుంటూ తియ్యటి వాసనొకటి లోపలికి వచ్చి కాసేపు నిలబడి పోతోంది, తెర మీద మాత్రం నక్షత్రాలు, అది లీదియా చేసిన ఆకాశం, అంతరిక్షంలో ఓడ తోలుకుంటూ తిరిగే కంప్యూటరు ఆట ఒకటి ఉంది, పాత ఆటే, దాంతో వచ్చే ఆకాశం మరీ బోడిగా ఉంటుందని ఆడేవాళ్లలోనే కొందరు కొత్త ఆకాశాలు తయారుచేసి నెట్లో పెడతారు, నచ్చినవాళ్లు దించుకుని తమ ఆటలో వేసుకుంటారు, ఎవరూ ఏమీ ఇవ్వరు, బావుందని ఒక మాట రాస్తారు, ఆ ఒక్క మాట చదువుకుని రెండ్రోజులు గాల్లో తేలుతుంది లీదియా, ఆకాశమంటే ఆరు బొమ్మలు, నాలుగు పక్కలకీ నాలుగు, పైనొకటి, అడుగునొకటి, అట్టపెట్టెకి లోపలి వైపు అంటించినట్టు అంటిస్తే ఆడేవాడు మధ్యలో కూర్చుని చుట్టూ చూసుకుంటాడు, మూలల్లో అతుకు కనపడిందా, అంతా పోయింది, అమ్మ కూడా ఇంతే కదా, తోటలో కాయలు సర్దేముందు పెట్టెలో పేపరు పరిచేది, ఒక గోడ మీది పేపరుని పక్క గోడ మీదికి ఇంత మడిచి, మూల సరిగ్గా కప్పకపోతే బంగినపల్లి బుగ్గ కమిలిపోతుందే అనేది, కాయ బుగ్గని నిమిరేది, ఒక్కోసారి అదే చేత్తో లీదియా బుగ్గ కూడా నిమిరేది, సొన అంటిన చెయ్యి, జిగురుగా, ఘాటుగా, ఛీ అమ్మా అని తోసేసేది తను, ఇప్పుడైతే తోసెయ్యదు, ఇప్పుడైతే ముఖమంతా పూయించుకుంటుంది, తన ఆకాశం నడుమ ఉన్న ఈ ఎర్ర మబ్బు అసలు ఆ సొనే, తెంపిన కాయల్ని తొడిమ కిందకి వచ్చేట్టు బోర్లిస్తే సొన కారి నల్ల పట్టా మీద పడి ఎండి పాకుతుంది, నడుమ చిక్కగా, అంచులు పొగలా, పోయినేడు సీజన్లో ఒంగి ఫోన్లో ఫోటో తీస్తుంటే అమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని, మరకల్ని తీస్తావేంటే పిచ్చిదానా, ఇన్ని కాయలున్నాయి, కాయల్ని తియ్యి అంది, ఆ మరకకే ఎర్ర రంగు అద్ది నక్షత్రాల మధ్య నిలబెడితే ఎక్కడెక్కడి వాళ్లో నోరు తెరుచుకుని చూశారు, అమ్మకి చెప్పే వీలే లేకపోయింది.

కుర్చీలో కునుకు తీస్తున్న పరదేశి గారు, షాపు ఆయనదే, ఒక కన్ను తెరిచి మళ్లీ ఆ నల్ల ఫ్లెక్సీయేనా లీదియమ్మా అన్నాడు, అంత నలుపు కొడితే ఇంకు ఎంత తాగుద్దో తెలుసా, అసలు ఎవరిదమ్మా ఇది, ఒక్క ముఖం కూడా పెట్టలేదు, ఆకాశం అండీ అంటే, ఆకాశమైతే సూర్యుడేడీ అని ఆయన, ఆ మూలంతా ఎండబెట్టావు, రెండు గులాబీలన్నా వెయ్యి, పాపం ఆయనకి ఖాళీ అంటే గిట్టదు, ఫ్లెక్సీలో జానెడు చోటు మిగిలితే ఎవరో బావమరిది ఫోటో అడిగి తెప్పించి మరీ పెడతాడు, లీదియాకి నవ్వొచ్చింది, నవ్వొచ్చినందుకు గుండెలో ఎక్కడో కలుక్కుమంది, ఫ్లెక్సీ పని కదమ్మా ముందు, మీ నాన్న వచ్చేస్తాడు అని ఆయన మెల్లగా, చాలా మెల్లగా అని, మళ్లీ కన్ను మూసుకున్నాడు.

ముందు అదే, తెలుసు, మబ్బు తెచ్చి అమ్మ వెనక పెడితే అయిపోతుంది, కానీ పెట్టగానే అమ్మ వెళ్లిపోతున్నట్టు ఉంటోంది, ఇన్నాళ్లూ ఎవరెవరి తల్లుల్నో తండ్రుల్నో ఈ చేత్తోనే మబ్బుల్లోకి పంపించింది, పంపించి టీ తాగింది, ఏమీ అనిపించలేదు, ఇప్పుడు అనిపిస్తోంది, భయమేస్తోంది, ఇప్పటికే అమ్మ దూరమైపోతోంది కదా, రోజుకింత, హనుమాన్ జంక్షన్లో బస్సెక్కి వెనక అద్దంలోంచి చూస్తుంటే ముందు పండ్ల బళ్లు, తర్వాత లారీలు, తర్వాత గుడి, అన్నీ చిన్నవైపోయి కలిసిపోయినట్టు, మొన్న ఆదివారం చర్చిలో పాట మధ్యలో అమ్మ ఏ మాట దగ్గర ఊపిరి తీసుకునేదో గుర్తు రాలేదు, పక్కనే నిలబడి చిన్నప్పటి నుంచీ వింది, అదే చోట తనూ ఊపిరి తీసుకునేది, అలాంటిది గుర్తు రాలేదు, పెదాలు కదుపుతూ నిలబడిపోయింది, పొద్దున్నే లేపేటప్పుడు లెగు అనేదా, లేవవే అనేదా, అదీ తెలీడం లేదు, నాన్న మొన్న పట్టా మీద కూర్చుని కూలీలతో ఏదో మాటకి పగలబడి నవ్వాడు, లీదియాకి ఒళ్లు మండిపోయింది, అప్పుడే నవ్వొచ్చేసిందా నీకు అనుకుంది, ఆయన నవ్వుతూనే తలపాగా కొసతో కళ్లు తుడుచుకోవడం చూసి తనే తల దించుకుంది, ఏం చేస్తాడు పాపం, రోజులు ఆయన్ని కూడా ముందుకి తోసుకుపోతున్నాయి, తననీ తోసుకుపోతున్నాయి, పోయిన నెల తను కూడా ఒక రోజంతా అమ్మని తలుచుకోకుండా గడిపేసింది, పడుకోబోతూ గుర్తొచ్చి దొంగతనం చేసినట్టు లేచి కూర్చుంది, ఇప్పుడు ఈ ఫ్లెక్సీ కూడా వేసి గోడకి కట్టేస్తే, అందరూ చూసి అన్నాలు తిని వెళ్లిపోతే, ఇంక అమ్మని తను కావాలని, తన చేత్తో, అందనంత దూరం పంపినట్టే, వద్దు, గళ్ల ఖాళీలోనే ఉండనీ, మబ్బులేవీ వద్దు, కానీ సాయంత్రం నాన్న వస్తాడు, ఏదమ్మా అంటాడు, ఏం చూపిస్తుంది.

షాపు ఫోను మోగింది, పరదేశి గారు కళ్లు తెరవకుండానే ఎత్తి, చెప్పండి, ఏం సైజు, పెళ్లా ఓపెనింగా అన్నాడు, అవతలి మాట విన్నాడు, లేచి కూర్చున్నాడు, ఆకాశంలోనా, ఏ ఆకాశమండీ అన్నాడు, తర్వాత ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి లీదియా వైపు అదోలా చూసి, అమ్మాయ్, చింతలపూడి నుంచి ఎవరో సాయిరాం అంట, ఆకాశంలో మన నంబరు చూసి చేస్తున్నాడంట, ఎండదెబ్బేమో చూడు అన్నాడు, లీదియా ఫోను అందుకుంది, ఆ ఆకాశం చేసినావిడేనా అండీ మీరు అని అవతల కుర్ర గొంతు, మర్యాదగా, కొంచెం బెరుగ్గా, నిన్న మీ ఆకాశం దించుకున్నానండీ, ఓడని తలకిందులు చేసి చూస్తే అడుగున నక్షత్రాల్లో పరదేశి డిజిటల్స్, నూజివీడు అని, కింద సెల్ నంబరు, మా పక్క ఊరే కదా అని చేశానండీ, లీదియా నాలిక కరుచుకుంది, ఏ ఫ్లెక్సీ అయినా సేవ్ చేసేముందు కింది మూలలో షాపు పేరూ నంబరూ వేసెయ్యడం చేతికి అలవాటు, అడుగున ఎవరు చూస్తార్లే అని ఆరో బొమ్మని హడావిడిగా చేసింది, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది, ఓరి దేవుడా, ఇన్నాళ్లూ ఎక్కడెక్కడి వాళ్లో విశ్వం అడుగున పరదేశి గారి నంబరు చూస్తూ తిరుగుతున్నారన్నమాట, తీసేస్తానండీ, పొరపాటు అంది, తియ్యకండి, ఉండనివ్వండి, ముచ్చటగా ఉంది అన్నాడు అతను, నేను చేసింది దానికి కాదండీ, ఆ ఎర్ర మబ్బు గురించి, ఏమైంది దానికి అంది లీదియా. ఏం కాలేదండీ, అంత అందమైంది నేను చూళ్లేదు, దాని దగ్గరికి వెళ్దామని పొద్దుటి నుంచీ ఓడ తోలుతున్నాను, తిన్నగా, ఎటూ తిప్పకుండా, ఎంతకీ రాదు, సరే ఇది వచ్చేది కాదులే అని వెనక్కి తిప్పి వచ్చినదాన్ని మించి ఎంతో దూరం వచ్చేశాను, తీరా చూస్తే అది చిన్నదన్నా అవలేదండీ, ఎంత ఉన్నది అంతే ఉంది, ఏదో లోపం ఉన్నట్టుంది, మీకు చెబుదామని.

లోపం కాదండీ అంది లీదియా, ఎన్నిసార్లు ఎంతమందికి రాసిందో, నోటికి వచ్చిన మాటే, అది ఒక చోట ఉండేది కాదండీ, గ్రహాలు ఒక చోట ఉంటాయి, మీరు దాటితే వెనకబడతాయి, చిన్నవైపోతాయి, ఆకాశం అలా కాదు, మీ ఓడకి కట్టినట్టు ఉంటుంది, మీరు ఎటు వెళ్తే అదీ అటే వస్తుంది, దాని దగ్గరికి వెళ్లలేరు, నిజమే, కానీ మీరు ఎంత దూరం పోయినా దాన్ని వెనక వదిలేసి కూడా వెళ్లలేరండీ, అని, ఆగిపోయింది, తన మాటే తనకి ఇంకెవరో చెబుతున్నట్టు వినపడింది, అవతల సాయిరాం, అయితే ఇంత తోలీ నేను అక్కడే ఉన్నానా అండీ అని నవ్వుతున్నాడు, లేదండీ, మీరు చాలా దూరం వెళ్లారు, అదే మీతో వచ్చింది అంది, ఫోను పెట్టేశాక పరదేశి గారు ఏమన్నాడమ్మా అంటే ఏం లేదండీ, ఆకాశం బావుందంట అంది, ఫోల్డరు తెరిచి చేతికి మొదట తగిలిన మబ్బు తీసింది, తెల్లది, అందరికీ పెట్టేదే, అమ్మ వెనక పరిచింది, పావురాన్ని పెట్టింది, అమ్మని బాగా పైన పెట్టింది, కళ్లు కారుతుంటే కారనిచ్చింది, వెక్కి వెక్కి ఏడ్చే ఏడుపు కాదు, ఊరికే కారిపోతున్నాయి, ప్రింటు కొట్టింది, మెషీను కుడికీ ఎడమకీ తిరుగుతూ ముందు మబ్బుని, తర్వాత తువ్వాలుని, తర్వాత నుదుటిని మెల్లమెల్లగా కిందకి దింపుతోంది, తను పాటలో ఊపిరి మర్చిపోయినా, నాన్న నవ్వినా, ఒక రోజు తలుచుకోకుండా గడిచిపోయినా, అవన్నీ దాటిపోయే గ్రహాల్లాంటివి, వెనకబడితే పడతాయి, అమ్మ మాత్రం వెనక ఎక్కడో ఉండిపోయిన ఊరు కాదు, తను ఇంకెప్పటికీ దగ్గరికి వెళ్లి ముట్టుకోలేదు, అది అంతే, కానీ తను ముసలిదైపోయాక తల ఎత్తినా సరే, అమ్మ ఇవాళ ఎంత దూరంలో ఉందో అప్పుడూ అంతే దూరంలో ఉంటుంది.