నీళ్ళ మీద సాలు

ఆదివారం పొద్దున ఏడింటికల్లా ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కట్ట మీద డీసీఎం వ్యాను వచ్చి ఆగింది. సెయిలింగ్ క్లబ్బు పిల్లలు నాలుగు తెరచాప పడవలు దించి, ఉప్మా పొట్లాలు ఖాళీ చేసి, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకున్నారు. నెలకో ఆదివారం ఏదో ఒక చెరువుకు సేవ చెయ్యాలని వాళ్ళ కాలేజీ నియమం. పోయిన నెల జల్‌పల్లి అయింది. ఈసారి ఇక్కడ గుర్రపుడెక్క, ప్లాస్టిక్, నిమజ్జనంలో మిగిలిన కర్రలు ఏరాలి.

"ఒకరి గీత మీంచి ఇంకొకరు పోకండి. చేపలవాళ్ళకు తికమకవుతుంది," అని క్లబ్బు పెద్ద హేమచంద్ర అందరికీ చెప్పాడు.

ఈ చెరువు మీద పడవ పోయిన దారి వెంటనే చెరగదు. పొద్దున పడిన గీత, దున్నిన చేలో సాలులాగా, పొద్దుగూకేదాకా ఉంటుంది. ఎవరు ఎటు పోయారో, ఎక్కడ వల వేశారో కట్ట మీద నిలబడి చూసుకోవచ్చు. దీపాలు పెట్టే వేళకు చెరువు తనంతట తానే చదునైపోతుంది.

శ్రీలేఖ ఆ మాట విన్నదే గానీ చూడటం ఇదే మొదలు. వాళ్ళది భీమవరం వైపు. నాన్న గోపాలరావు మన్నెగూడలో హార్డ్‌వేర్ కొట్టు పెట్టుకున్నాడు. చుట్టూ ప్లాట్లు లేస్తున్నాయి కాబట్టి మేకులకూ పైపులకూ కొదవలేదు. ఆ పిల్ల ఒంటరిగా పడవ నడుపుతూ వెనక్కి తిరిగి చూసింది. తను వచ్చిన దారంతా నీళ్ళలో నిలిచి ఉంది. చేతిలో తాడు వదిలేసి కాసేపు అలా చూస్తూ కూర్చుంది.

ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని వాళ్ళమ్మ మంగాయమ్మ అనేది ఈ పిల్లనే. మిగతా ముగ్గురూ ఒడ్డు పట్టుకుని ఏరుతుంటే ఈమె చెరువు నడిమికి పోయింది. అక్కడ నీళ్ళలోంచి ఓ వెదురుకర్ర, దానికో ఎర్ర గుడ్డపీలిక. నిమజ్జనం తాలూకుదే అనుకుంది. దాని చుట్టూ మూడు చుట్లు తిరిగి, చేతులు మండేదాకా లాగి పీకి, తెచ్చి ఒడ్డున చెత్తకుప్ప మీద పడేసింది. అందరూ చప్పట్లు కొట్టారు కూడాను.

మూడు గంటలకు నీరటి బుగ్గయ్య వచ్చాడు. తూము తీసి పొలాలకు నీళ్ళు వదిలేది ఆయనే. ఈ చెరువు తూము పాతకాలంది. దాని రాతిమూత కట్టకు దూరంగా నీళ్ళలో మునిగి ఉంటుంది. నీరటి అక్కడికి గుండ్రటి పుట్టి పడవ మీద పోయి, లోపలికి మునిగి తియ్యాలి. వెనకాలే సుశీల, ఇంకా నలుగురు రైతులు వచ్చారు. వరి పొట్టకొచ్చింది. ఇవాళ తడి అందకపోతే తాలు తప్ప గింజ మిగలదు.

బుగ్గయ్య నీళ్ళకేసి తిరిగి నిలబడ్డాడు. ఎంతకీ కదలడు.

"ఏమాయె బుగ్గన్నా, పోవేంది?" అంది సుశీల. "పోయినసారి గిట్లనే జాగు చేసినవ్. నీతోని కాకుంటే చెప్పు, ఇంకోన్ని పెట్టుకుంటం."

"గాలి జర తగ్గనీయ్," అని పక్కకు అడుగేశాడు బుగ్గయ్య. కాలికి చెత్తకుప్ప తగిలింది. వంగి తడిమాడు. వెదురుకర్ర, దాని కొసన గుడ్డపీలిక. వేళ్ళు అక్కడే ఆగిపోయాయి.

శ్రీలేఖ అది గమనించింది. ఆయన ఆ పీలికను చూడలేదు, తడిమి తెలుసుకున్నాడు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. దగ్గరికి పోయి, "తాతా, అది నేనే పీకాను. చెత్త అనుకున్నాను," అంది.

"మెల్లగ, బిడ్డా." బుగ్గయ్య గొంతు తగ్గించాడు. "కండ్లు మసకవట్టి ఏడాదాయె. తూము కాడ గుర్తుకు పాతుకున్న, నీళ్ళ నడుమ ఎర్రగ జర ఆనుతది. ఏడు తరాల సంది మా ఇంటోళ్ళే తీస్తున్నరు. కనవడదని తెలిస్తే రేపే నన్ను తీసేస్తరు."

"కనబడకుండా ఎలా మునుగుతారు?"

"నీళ్ళల్ల కండ్లెందుకు, చేతులు చాలు. ఆడిదాకా పోనీకే కండ్లు కావాలె."

"ఇంకో కర్ర పాతేస్తాను."

"గది నిమజ్జనం కర్రనే అనుకున్నరు, ఇప్పుడు అందరి ముంగట పాతితే నీరటికి కర్రెందుకని సుశీల అడుగుతది. ఏం చెప్పాలె?"

శ్రీలేఖ చెరువు మీదికి చూసింది. నాలుగు పడవల గీతలున్నాయి. ఒడ్డు వదిలి నడిమికి పోయినది ఒక్కటే. దాని కొసన మూడు చుట్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"తాత మా పడవ ఎక్కుతారట," అని అందరికీ వినబడేలా చెప్పింది.

"ముసలితనంల సోకు," అని సుశీల నవ్వింది.

తన గీత మీదే తను పడవ నడిపింది. చుట్ల నడుమ ఆపింది. బుగ్గయ్య చొక్కా విప్పి దిగిపోయాడు. శ్రీలేఖ ఊపిరి బిగబట్టి తన ఊపిరే కొలతగా లెక్కపెట్టింది. తనది అయిపోయింది, ఆయన రాలేదు. అప్పుడు కట్ట అవతల కాలువలో నీళ్ళు దూకిన చప్పుడు, దాని వెంటే రైతుల కేకలు వినిపించాయి. బుగ్గయ్య తల బయటికొచ్చింది.

తిరిగి వస్తూ ఆయన ఎడమచెయ్యి నీళ్ళలో జారవిడిచి ఉలిక్కిపడ్డాడు.

"గిదేంది, సాలు చేతికి తగులుతున్నది."

పోనూ రానూ నాలుగోసారి పడవ నడుస్తున్న గీత అది. ఒక్కసారి పోతే గీతే. దున్నినకొద్దీ లోతవుతుంది. అది రైతులకు ఒకరు చెప్పక్కర్లేదు, హార్డ్‌వేర్ కొట్టు పిల్లకు మాత్రం అప్పుడే తట్టింది.

బుగ్గయ్యను దించేసి మళ్ళీ బయల్దేరింది. గాలి అడ్డంగా వీస్తోంది, పోవడానికీ రావడానికీ ఒకే దారి సరిపోతుంది. ఐదు, ఆరు, ఏడు. డీసీఎం డ్రైవరు హారన్ కొట్టాడు. హేమచంద్ర కట్ట మీంచి చెయ్యి ఊపి పిలిచాడు. ఆమె వినిపించుకోలేదు. కాసేపు చూసి, ఎందుకని అడగకుండానే, ఎక్కించిన పడవలు మళ్ళీ దింపించాడు. పొద్దున తాను చెప్పిన నియమాన్ని తానే తప్పి ఆమె గీత మీదికి వచ్చాడు. వెనకాల మిగతా ఇద్దరు. నాలుగు తెల్ల చాపలు ఒకే సాలులో పోతూ వస్తూ ఉంటే కట్ట మీద రైతులు మాటలు మాని నిలబడిపోయారు. సుశీల కొంగు నెత్తిమీదికి లాక్కుని చేతులు జోడించింది.

పొద్దుగూకింది. చెరువు మీద గీతలు ఒక్కొక్కటే కలిసిపోయాయి. చేపలవాళ్ళవి పోయాయి, ఒడ్డు వెంట పడినవి పోయాయి. ఒక్కటి మిగిలింది.

పది రోజులకు మళ్ళీ తడి వంతు వచ్చింది. శ్రీలేఖ కాలేజీ ఎగ్గొట్టి వచ్చి సుశీల పక్కన నిలబడింది. బుగ్గయ్య పుట్టి ఎక్కాడు. కుడిచేత తెడ్డు, ఎడమచెయ్యి నీళ్ళలో.

"చెయ్యి నీళ్ళల్ల పెట్టుకొని పోతున్నడేంది?" అంది సుశీల.

శ్రీలేఖ సాలు వెంట పోతున్న పుట్టినే చూస్తోంది. సుశీల ఆమె మొహం చూసింది, చెరువు మీది సాలు చూసింది, బుగ్గయ్య చేతిని చూసింది. వెనక్కి తిరిగి, నిలబడ్డ రైతులతో, "పాండ్రి, మడుల గట్లు చూసుకుందాం. మన నీరటికి ఒకరు చూపిచ్చేదేం లేదు," అని కట్ట దిగింది.