పిల్లకంటే ఎక్కువా?

వేడినీళ్లలో దుప్పట్లు ఉతికీ ఉతికీ నా చేతులు ఎర్రగా ఉబ్బిపోయాయి. పాపకి ఉబ్బసమని తేలినప్పటి నుంచి ఇంట్లో దుమ్మంతటికీ బాధ్యురాలిని నేనే. కిటికీ ఊచలు తడిగుడ్డతో తుడవాలి, గోడకి చెమ్మ దిగినచోట బూజు గోకాలి, ఆపైన ఆఫీసుకి పరుగెత్తాలి. అక్కడ మా సూపర్‌వైజరు గడియారం వంక చూసి, "మళ్లీ పాపకి బాలేదా అమ్మా?" అంటాడు నవ్వుతూ. మా ఆయన్ని వాళ్ల ఆఫీసులో ఎవరూ ఆ మాట అడగరు.

పాప దగ్గితే చాలు, అత్తయ్య అందుకుంటుంది. "మీ వైపు వాళ్లకే ఈ తుమ్ములూ దగ్గులూ. మా వంశంలో ఎవరికీ లేవు తల్లీ!" చిన్నప్పుడు వాళ్లబ్బాయికి గుండెల్లో పిల్లికూతలు వచ్చేవని ఓసారి ఆవిడే నోరుజారింది. అదైతే జలుబట.

ఒక్కొక్కటీ ఇల్లు విడిచి వెళ్లాయి. ముందు నా పూలకుండీలు. "పుప్పొడి పడదేమో, తీసెయ్" అన్నాడు మా ఆయన. తర్వాత కాలేజీ రోజుల నుంచి దాచుకున్న నా పుస్తకాలు. ఆఖరికి పాప పక్కలో పడుకోబెట్టుకునే బొచ్చు ఎలుగుబంటి బొమ్మ. నేను తటపటాయించిన ప్రతిసారీ అత్తయ్యది ఒకటే మాట. "ఏం, పిల్లకంటే ఎక్కువా?" నిజమే కదా అని తీసేశాను.

ఇల్లు విడవనిది ఆయన సిగరెట్ ఒక్కటే. బాత్రూములో తలుపేసుకుని, ఫ్యాను వేసుకుని తాగుతాడు. ఆ నుసి కడిగేది నేను. "పొగ బయటికే పోతోందిగా! నా ఇంట్లో నాకా మాత్రం స్వేచ్ఛ లేదా?" అంటాడు. వచ్చి అదే చొక్కాతో పాపని గుండెకి హత్తుకుంటాడు.

ఇవాళ బళ్లో పాపకి ఊపిరి అందలేదు. ఆస్పత్రిలో మూతికి మాస్కు పెట్టుకుని నా వేలు పట్టుకుని కూర్చుంది. "కంగారుపడకండి, చాలామంది పిల్లలకి ఉంటోంది" అంది డాక్టరమ్మ. "కొందరికి వంశంలో ఉంటుంది. చెమ్మ, దుమ్ము, పొగ దాన్ని ఎగదోస్తాయి. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా?"

"అబ్బే, మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదండీ. ఈవిడకే కాస్త శుభ్రం తక్కువ. చెప్పలేక చస్తున్నాను" అన్నాడు పక్కనే ఉన్న మా ఆయన.

నాకు ఒళ్లు మండిపోయింది.

"ఈయనే తాగుతారండీ, రోజూ బాత్రూములో. చిన్నప్పుడు ఈయనకీ ఇదే ఆయాసం."

డాక్టరమ్మ ఆయన వైపు తిరిగింది. "బాత్రూములో తాగినా పొగ ఇల్లంతా పాకుతుంది. బట్టలకీ పడుతుంది. ఆవిడ ఎంత తుడిచి ఏం లాభం? మానేయండి."

"బయటివాళ్ల ముందు నా పరువు తీశావు" అని దారిపొడుగునా సణిగాడు. ఇంటికి రాగానే సిగరెట్ పెట్టె తీసుకుని బాత్రూము వైపు నడిచాడు. నేను తలుపుకి అడ్డంగా నిలబడ్డాను.

"మానలేకపోతే వీధి చివరికి వెళ్లి తాగండి. వచ్చాక స్నానం చేసి, ఆ చొక్కా మీరే ఉతుక్కుని, అప్పుడు పాపని ముట్టుకోండి."

అత్తయ్య గయ్యిమంది. "ఇదెక్కడి చోద్యమే! పొద్దస్తమానం కష్టపడి వస్తాడు. వాడికున్నది ఆ ఒక్క సుఖమే కదా!"

"ఏం అత్తయ్యా, పిల్లకంటే ఎక్కువా?"

ఆయన చెప్పులు వెతుక్కున్నాడు.