ఇంటి నుంచి పనికి ఆఫీసులో శిక్షణ

నగరంలో ప్రపంచ స్థాయి ఆటల పోటీలు జరగబోతున్నాయనీ, ఆ వారమంతా నది మీది వంతెనలను బళ్లకు మూసేస్తారనీ నెలల ముందే ఊరందరికీ తెలిసిపోయింది. బస్సు కండక్టర్లకు తెలుసు, పాలు పోసేవాళ్లకు తెలుసు. లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీ మేనేజరుకు మాత్రం చివరి వారంలో జ్ఞానోదయమైంది.

అయిందే తడవు మీటింగు పెట్టాడు. వెనకాల అందరూ ఆయన్ని ‘ఉపన్యాసం’ అనే పిలుస్తారు. అది కూడా మర్యాదగా పెట్టిన పేరే.

“మనం వెనకబడకూడదు. ఆటలు జరిగినన్నాళ్లూ అందరూ ఇంటి నుంచే పని చెయ్యాలి. దానికోసం శిక్షణా శిబిరం పెడుతున్నాను. వంతెనలు మూసిన మొదటి రోజు పొద్దున్నే, ఇక్కడే, ఈ హాల్లోనే. మెకానిక్కులతో సహా అందరూ రావాలి. డైరెక్టరుగారు వస్తున్నారు. ల్యాప్‌టాప్‌లు నా చేతుల మీదుగా ఇస్తాను.”

ఫిర్యాదుల విభాగం సూపర్‌వైజరు తను విన్నది నిజమేనా అని పక్కవాళ్ల మొహాలు చూసింది. నిజమే.

“వంతెనలు మూసేశాక మేం ఎలా వస్తాం సార్?” అంది.

“కాస్త పెందలాడే బయల్దేరండమ్మా.”

“ఆ ల్యాప్‌టాప్‌లేవో ఇవాళే ఇచ్చేస్తే గొడవ వదిలిపోతుంది కదా. మీ బీరువాలోనే ఉన్నాయి.”

“ఇవాళ ఫొటోగ్రాఫరు ఖాళీ లేడు,” అన్నాడు, ఇంత చిన్న విషయం అర్థం కాదేమిటన్నట్టు.

ఆమె విభాగంలో నిండు నెలలతో ఉన్న అమ్మాయి బెరుకుగా లేచింది. అవతలి ఒడ్డు నుంచి నడిచి రావాల్సి వస్తుందని చెప్పుకుంది.

“నడక మంచిదమ్మా. డాక్టర్లే చెప్తారు,” అని ఆయన నవ్వాడు. నవ్వింది ఆయనొక్కడే.

సూపర్‌వైజరుకు ఒళ్లు మండిపోయింది. మీటింగు ముగియగానే నేరుగా ఫోన్ల గదికి వెళ్లి, లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్లు బొత్తాం నొక్కితే ఆఫీసుకు వచ్చే కాల్సన్నీ తన మనుషుల సొంత ఫోన్లకు మళ్లించమంది.

“సార్ చెప్పారా మేడమ్?” అన్నాడు టెక్నీషియను.

“సార్‌కి చెప్పడమే గానీ వినడం చేతకాదు. ఎవరన్నా అడిగితే నా పేరు చెప్పు.”

తర్వాత తన వాళ్లను ఇల్లు కదలొద్దంది. మెకానిక్కులకు ఫోన్ చేసి, ఎవరి ఒడ్డున వాళ్లు సామాన్ల సంచి దగ్గర పెట్టుకుని ఉండమంది. మేనేజరుకూ మెసేజి పెట్టింది. మెసేజీలు పంపడమే తప్ప చదవడం ఆయన హోదాకు తగదు కాబట్టి అది అలాగే పడి ఉంది.

వంతెనలు మూసిన రోజు పొద్దున్నే ఆమె ఇంట్లో భోజనాల బల్లను మొగుడు ఆక్రమించాడు. ఇంట్లో ముఖ్యమైన పని ఒక్కటే ఉంటుందనీ, అది తనదేననీ ఆయన నమ్మకం. ఆమె వాదన పెట్టుకోకుండా ఇస్త్రీ బల్లను కిటికీ పక్కకు లాక్కుని, దాని మీద రెండు ఫోన్లూ కాగితాలూ సర్దుకుంది.

అత్తగారు గుమ్మంలో నిలబడి చూసింది. “ఉద్యోగం ఊడిందా ఏమే?”

“లేదు అత్తయ్యా, ఇంట్లోంచే చేస్తున్నా.”

“ఇంట్లో చేస్తే కూడా ఉద్యోగమంటారా? జన్మంతా చేశాను, ఒక్క వెధవా అనలేదు.”

ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వు ఆగేలోపే ఫోన్ మోగింది. నిండు నెలల అమ్మాయి కంగారుపడుతోంది. అవతలి ఒడ్డున ఒక పాత భవనంలో లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఒక ముసలావిడ ఒక్కతే ఉంది. భయంతో ఊపిరి అందట్లేదంటోంది.

“ఆవిణ్ణి నా ఫోనుకి కలుపు. నువ్వు ఆ ఒడ్డు మెకానిక్కుని పంపు, భవనం అడ్రసు సరిగ్గా చెప్పు.”

సన్నగా ఏడుపు వినిపించింది. సరిగ్గా అప్పుడే ఇంకో ఫోను మోగింది. ఉపన్యాసం. ఎత్తకపోతే మోగుతూనే ఉంటాడని ఎత్తింది.

“ఎక్కడున్నారు మీరంతా? డైరెక్టరుగారు వచ్చి కూర్చున్నారు! ఖాళీ కుర్చీలు చూపించి నా పరువు తీస్తారా? నేను రాత్రంతా ఆఫీసు సోఫాలో పడుకున్నాను, తెలుసా?”

ఇంటి నుంచి పని చెయ్యడం నేర్పడానికి ఆఫీసులో పడుకున్న మహానుభావుడు! ఆమెకు జాలి కూడా కలగలేదు. మొదటి ఫోనును అత్తగారి చేతికిచ్చి, “ఆవిడతో మాట్లాడుతూ ఉండండి అత్తయ్యా, ఆపొద్దు,” అంది.

అత్తగారికి అంతకంటే ఏం కావాలి? “ఏమ్మా, భయపడుతున్నావా? కూర్చో, కిందనే కూర్చో. చీర మాస్తే మాసింది. ఆ లిఫ్టు పెట్టినవాడి మొహం మండ. నీకెంతమంది పిల్లలు? ఒక్కడైనా పలకరిస్తాడా?”

“సార్, లిఫ్టులో మనిషి ఇరుక్కుంది,” అంది సూపర్‌వైజరు రెండో ఫోన్లో.

“ముందు ఇక్కడ ఇరుక్కున్నది నేను!”

“మీరు లైన్లో ఉండండి,” అని ఆయన్ని హోల్డులో పెట్టింది.

మెకానిక్కు నాలుగు వీధుల అవతలే ఉండటంతో సంచి భుజాన వేసుకుని పరుగున వెళ్లాడు. తలుపు తెరిచేసరికి ముసలావిడ నేల మీద కూర్చుని కోడళ్ల గురించి అత్తగారితో గట్టిగా వాదిస్తోందట. బయటికి రమ్మన్నా మాట పూర్తయ్యేదాకా లేవలేదట.

ఆటలు ముగిసి వంతెనలు తెరిచాక డైరెక్టరు అందరినీ పిలిచాడు. ఒక్క ఫిర్యాదు కూడా తప్పిపోలేదని మెచ్చుకున్నాడు. ఉపన్యాసం వెంటనే లేచి, నిమ్మకు నీరెత్తినట్టు, “అంతా ముందస్తు ప్రణాళిక సార్. మావాళ్లకు అన్ని వసతులూ నేనే కల్పించాను,” అన్నాడు.

“వసతులు మీ బీరువాలోనే ఉన్నాయి సార్. రిబ్బన్లు కూడా విప్పలేదు,” అంది సూపర్‌వైజరు.

ఎవరో దగ్గారు. డైరెక్టరు ఆయన వైపు చెయ్యి చాపి తాళంచెవి అడిగాడు. ఆ సాయంత్రం ల్యాప్‌టాప్‌లు ఎవరివి వాళ్లకు చేరాయి. నిండు నెలల అమ్మాయి తనది ఒళ్లో పెట్టుకుని కంపెనీ కారులో ఇంటికి వెళ్లింది. ఇకపై రోడ్లు మూస్తే ఎవరు ఎక్కడి నుంచి పని చెయ్యాలో సూపర్‌వైజరే నిర్ణయించాలని డైరెక్టరు అక్కడే చెప్పేశాడు.

ఉపన్యాసానికి ఏమీ కాలేదు. అలాంటివాళ్లకు ఏమీ కాదు. హెడ్డాఫీసులో సలహాదారుగా పైకి వెళ్లాడు. వెళ్లే ముందు మాత్రం కసి తీరక, శిబిరానికి ఎందుకు రాలేదో లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇవ్వమని ఆమెకు మెమో పంపాడు.

ఆమె ఇస్త్రీ బల్ల దగ్గరే నిలబడి ఒక్క ముక్క రాసి పంపింది: ‘ఆ సమయంలో పనిలో ఉన్నాను.’